శిలీంధ్ర వ్యాధులకు రోగనిరోధక చికిత్స: ఒక చారిత్రక పరిశీలన

రోగనిరోధక శాస్త్రానికి పునాది వేసిన పరిశోధనల్లో ఒకటి శిలీంధ్ర వ్యాధికి సంబంధించినదే. 1884లో ఇల్యా మెచ్నికోవ్ డాఫ్నియా అనే చిన్న నీటిప్రాణికి సోకిన ఒక ఈస్ట్‌ను సూక్ష్మదర్శినిలో పరిశీలించాడు. సూదుల వంటి సిద్ధబీజాలు పేగు గోడను చీల్చుకొని దేహంలోకి చొరబడటం, అక్కడి రక్తకణాలు వాటిని చుట్టుముట్టి మింగివేయడం ఆయన గమనించాడు. కణాలు గెలిస్తే ప్రాణి బతికింది, ఓడితే చనిపోయింది. 1908లో నోబెల్ బహుమతి తెచ్చిన భక్షకకణ సిద్ధాంతానికి ఈ పరిశీలన బలమైన ఆధారమైంది.

అయితే చికిత్స ఆ దారిన నడవలేదు. 1890లో బేరింగ్, కితసాటోలు డిఫ్తీరియా, ధనుర్వాతాల విషాలకు సీరంతో విరుగుడు చూపారు. శిలీంధ్రాల విషయంలో మాత్రం సీరం ప్రయోగాల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. 1950లలో ఆంఫోటెరిసిన్-బి రావడంతో దృష్టి అంతా మందులవైపు మళ్లింది. శిలీంధ్రకణం మనిషి కణానికి నిర్మాణంలో దగ్గరిది కనుక, దాన్ని చంపే ఆ మందు రోగి మూత్రపిండాలనూ దెబ్బతీసేది. ఎయిడ్స్ కాలంలో క్రిప్టోకాకస్ వల్ల మెదడు పొరలకు వాపు వచ్చిన రోగులలో మందు పరిమితి మరింత స్పష్టమైంది. రక్షణశక్తి నశించిన దేహంలో మందు ఒక్కటే శత్రువును నిర్మూలించలేకపోయింది.

పాత సీరం ఫలితాల చిక్కుముడిని విప్పినవారిలో న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ వైద్య కళాశాలకు చెందిన ఆర్టురో కాసడెవాల్ బృందం ముఖ్యమైనది. ఒకే శిలీంధ్రంపై తయారైన ప్రతిరక్షకాలలో కొన్ని ఎలుకలను కాపాడతాయని, కొన్ని నిష్ప్రయోజనమని, కొన్ని హాని కూడా చేస్తాయని ఆ బృందం నిరూపించింది. సీరంలో ఇవన్నీ కలిసే ఉంటాయి! ఎంపిక చేసిన 18బి7 అనే ప్రతిరక్షకాన్ని హెచ్.ఐ.వి. ఉన్నవారిపై పరీక్షించిన ఫలితాలు 2005లో వెలువడ్డాయి. రక్తంలో శిలీంధ్ర కవచ పదార్థం కొంతకాలం తగ్గి, మళ్లీ పెరిగింది. కాండిడాపై రూపొందిన మైకోగ్రాబ్ అనే మరో ప్రతిరక్షకానికి తయారీ నాణ్యత, భద్రతల విషయంలో తలెత్తిన సందేహాల వల్ల ఐరోపాలో అనుమతి దక్కలేదు. ఈ వైఫల్యాన్ని సిద్ధాంత వైఫల్యంగా లెక్కించడం తొందరపాటే. 2014లో అమెరికాలో శిలీంధ్రపు కణకవచాన్ని గుర్తించే డెక్టిన్-1 గ్రాహకాన్ని టి-కణాలకు అమర్చి, ఆస్పర్‌జిల్లస్‌పై ప్రయోగశాలలో పరీక్షించారు.

ఈ పరిశోధనలు రోగి మంచం దాకా చేరకముందే 2021లో కోవిడ్ రెండో విడత వచ్చింది. అదుపులేని మధుమేహం, స్టెరాయిడ్లు రక్షణశక్తిని కుంగదీసిన వేళ బ్లాక్ ఫంగస్ విజృంభించింది. హైదరాబాదులోని కోఠి ఇ.ఎన్.టి. ఆసుపత్రికి వచ్చిన రోగులకు ప్రధాన ఆధారం శస్త్రచికిత్స, కొవ్వు పొరలో పొదిగిన అదే 1950ల నాటి ఆంఫోటెరిసిన్-బి. అదీ కొరతలోనే దొరికింది.