రిలే ఈతలో షర్లీ బాబాషాఫ్: పతకాల పట్టిక, చారిత్రక సత్యం

వ్యాససంగ్రహం:
అమెరికా ఈతగత్తె షర్లీ బాబాషాఫ్ 1972, 1976 ఒలింపిక్ క్రీడలలో మొత్తం 8 పతకాలు సాధించింది. వాటిలో 2 స్వర్ణాలు, 6 రజతాలు. రెండు స్వర్ణాలూ రిలే పోటీలలో లభించినవే. తూర్పు జర్మనీ అమలుపరచిన ప్రభుత్వ డోపింగ్ విధానం నేపథ్యంలో ఆమె క్రీడాజీవితాన్ని పరిశీలించి, పతకాల పట్టికను చారిత్రక ఆధారంగా ఎంతవరకు స్వీకరించవచ్చో చర్చించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: రిలే ఈత, ఒలింపిక్ చరిత్ర, షర్లీ బాబాషాఫ్, తూర్పు జర్మనీ, డోపింగ్.

1. ఉపోద్ఘాతం

క్రీడాచరిత్ర రచనలో అధికారిక ఫలితాల పట్టికే ప్రధాన ఆధారం. విజేత ఎవరు, ఎంత సమయంలో గమ్యం చేరారు అన్న విషయాలను అది నిర్దుష్టంగా చెబుతుంది. అయితే ఆ ఫలితం ఏ పరిస్థితులలో వచ్చిందో చెప్పదు. బాబాషాఫ్ జీవితం ఈ రెండింటి మధ్య దూరాన్ని స్పష్టంగా చూపుతుంది. ఆమె 1957 జనవరి 31న కాలిఫోర్నియా రాష్ట్రంలోని విటియర్‌లో జన్మించింది. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ నాటికి ఆమె వయస్సు 15 ఏళ్లు. అక్కడ 100, 200 మీటర్ల ఫ్రీస్టైల్ పోటీలలో రజతాలు, 4x100 మీటర్ల ఫ్రీస్టైల్ రిలేలో స్వర్ణం గెలుచుకుంది. శాండ్రా నీల్సన్, జెన్నిఫర్ కెంప్, జేన్ బార్క్‌మన్‌ల తరువాత చివరి అంచె ఈదింది ఆమే. ఆ రిలేలో తూర్పు జర్మనీ రెండో స్థానంలో నిలిచింది. మ్యూనిక్‌లో ఆ దేశపు మహిళా ఈతగత్తెలకు ఒక్క స్వర్ణం కూడా దక్కలేదు.

2. నాలుగేళ్ల మార్పు

మరుసటి సంవత్సరమే, 1973 బెల్‌గ్రేడ్ ప్రపంచ పోటీలలో, మహిళల 14 అంశాలలో 10 స్వర్ణాలు తూర్పు జర్మనీ పరమయ్యాయి. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో 13 అంశాలకు 11 గెలిచింది. మిగిలిన రెండింటిలో ఒకటి సోవియట్ యూనియన్‌కు చెందిన మరీనా కోషెవాయా సాధించిన 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ స్వర్ణం, రెండవది అమెరికా 4x100 మీటర్ల ఫ్రీస్టైల్ రిలే స్వర్ణం.

బాబాషాఫ్ 1975 కాలీ ప్రపంచ పోటీలలో 200, 400 మీటర్ల ఫ్రీస్టైల్ విజేత. మాంట్రియల్‌లో మాత్రం ఆమెకు వ్యక్తిగత స్వర్ణం అందలేదు. 200 మీటర్లలో కొర్నేలియా ఎండర్ తరువాత, 400, 800 మీటర్లలో పెట్రా ట్యూమర్ తరువాత నిలిచింది. 400 మీటర్లలో ట్యూమర్ సమయం 4:09.89, బాబాషాఫ్ సమయం 4:10.46. 800 మీటర్లలో తేడా 0.45 సెకన్లే. ఈ రెండు పోటీలలోనూ బాబాషాఫ్ ఈదిన సమయం అప్పటి వరకు ఉన్న ప్రపంచ రికార్డు కంటే మెరుగైనది. మెడ్లీ రిలేలో కూడా అమెరికా జట్టుకు రజతమే దక్కింది.

ప్రత్యర్థుల లోతైన గొంతు, కండలు తిరిగిన దేహాలు సహజమైనవి కావని ఆమె బహిరంగంగా అనుమానించింది. పత్రికలు ఆ మాటను విచారించడానికి బదులు, ఆమెకు పేరులోని ధ్వనిని అనుసరించి ‘సర్లీ షర్లీ’, అంటే చిర్రుబుర్రులాడే షర్లీ అని ముద్ర వేశాయి. అనుమానం వ్యక్తం చేయడమే ఓటమిని ఒప్పుకోలేని గుణంగా పరిగణించబడింది.

3. చివరి అంచె: అంకెలు చెప్పేది

రిలే ఈతలో మొదటి వ్యక్తి ప్రారంభ సంకేతం విన్న తరువాతే దూకాలి. మిగిలిన ముగ్గురు, తమ ముందువారు గోడను తాకే క్షణాన్ని అంచనా వేసుకుంటూ, దేహాన్ని ముందుకు ఊపుకొని దూకవచ్చు. గోడను తాకకముందే పాదం దిమ్మెను విడిస్తే జట్టు అనర్హమవుతుంది. ఆ ఊపు వల్ల సుమారు అర సెకను లేదా అంతకు కొంచెం ఎక్కువ కలిసి వస్తుంది. కనుక తొలి అంచె సమయాన్ని మిగతా అంచెల సమయాలతో నేరుగా పోల్చరాదు.

1976 జూలై 25న జరిగిన ఫైనల్లో తొలి అంచెను ఎండర్ 55.79 సెకన్లలో, అమెరికాకు చెందిన కిమ్ పేటన్ 56.95 సెకన్లలో ముగించారు. అంతరం 1.16 సెకన్లు. వెండీ బోగ్లియోలీ 55.81 సెకన్లలో ఈది ఆ అంతరాన్ని తగ్గించింది. 15 ఏళ్ల జిల్ స్టెర్కెల్ 55.78 సెకన్లలో ఈది, మూడవ అంచెలో తూర్పు జర్మనీని దాటింది. ఆ ఆధిక్యాన్ని బాబాషాఫ్ 56.28 సెకన్లతో నిలబెట్టింది. మొత్తం సమయం 3:44.82, ప్రపంచ రికార్డు. తూర్పు జర్మనీ సమయం 3:45.50.

ఈ విజయాన్ని చివరి అంచె ఈదిన వ్యక్తికే ఆపాదించే ధోరణి సహజంగా కనిపిస్తుంది. అంకెలు అందుకు అంగీకరించవు. వెనుకబాటును పూడ్చినవారు రెండవ, మూడవ అంచెలవారు. బాబాషాఫ్ పాత్ర గెలిపించడం కంటే కాపాడడం. వ్యక్తిగతంగా 100 మీటర్లలో ఐదవ స్థానంలో నిలిచిన ఆమెకు చివరి అంచెను అప్పగించడం జట్టు ఆమెపై ఉంచిన నమ్మకానికి నిదర్శనం. ఈ వివరణ ఆమె గౌరవాన్ని తగ్గించదు, నలుగురికీ పంచుతుంది.

4. పత్రాలు వెలుగుచూసిన తరువాత

తూర్పు జర్మనీ 1974లో ‘స్టేట్ ప్లాన్ 14.25’ పేరుతో ఉత్ప్రేరకాల వినియోగాన్ని ప్రభుత్వ కార్యక్రమంగా స్థిరపరచింది. ఓరల్ ట్యూరినబోల్ అనే స్టెరాయిడ్ మాత్రలను విటమిన్లని చెప్పి మైనర్ బాలికలకు సైతం ఇచ్చారు. తల్లిదండ్రులకు తెలియనివ్వలేదు. స్టెరాయిడ్ల పరీక్ష ఒలింపిక్స్‌లో మొదలైంది మాంట్రియల్‌లోనే. అయినా పోటీలకు ముందుగానే మాత్రలు ఆపించడం, దేశం దాటకముందే రహస్యంగా పరీక్షించుకోవడం వల్ల వారు పట్టుబడలేదు.

బెర్లిన్ గోడ కూలిన తరువాత బ్రిగిట్టె బెరెండాంక్, వెర్నర్ ఫ్రాంకే దంపతులు వెలికితీసిన పత్రాలు ఈ విధానాన్ని 1991లో బయటపెట్టాయి. 2000లో బెర్లిన్ న్యాయస్థానం క్రీడాధికారి మన్‌ఫ్రెడ్ ఎవాల్డ్‌ను, వైద్యుడు మన్‌ఫ్రెడ్ హోప్నర్‌ను దోషులుగా తేల్చింది. ఇద్దరికీ విధించిన జైలుశిక్షలు నిలుపుదలలో ఉంచినవే. 2002లో జర్మనీ బాధితుల సహాయార్థం చట్టం చేసింది.

ఫలితాల పట్టిక మాత్రం మారలేదు. పతకాల పునఃపంపిణీ వినతులను అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ అంగీకరించలేదు. నష్టపోయింది బాబాషాఫ్ ఒక్కతే కాదు. మాంట్రియల్‌లో 100, 200 మీటర్లలో కాంస్యాలు పొందిన నెదర్లాండ్స్ ఈతగత్తె ఎనిత్ బ్రిగిథాకు 100 మీటర్లలో ముందు నిలిచిన ఇద్దరూ తూర్పు జర్మనీవారే. మరోవైపు ఆ స్వర్ణాలు ధరించినవారు సైతం తమ దేహాలపై ప్రభుత్వం జరిపిన ప్రయోగానికి బాధితులే. వారి పేర్లు కొట్టివేయడం ఒకరికి న్యాయం, మరొకరికి రెండవసారి శిక్ష అవుతుంది. ఈ చిక్కు వల్లనే సమస్య నేటికీ తెగలేదు.

5. ముగింపు

బాబాషాఫ్ 19 ఏళ్లకే అంతర్జాతీయ పోటీల నుండి వైదొలగింది. తరువాతి కాలంలో తపాలా బట్వాడా ఉద్యోగినిగా పనిచేసింది. 2005లో ఒలింపిక్ ఆర్డర్ పురస్కారం పొందింది, 2016లో ఆత్మకథ ప్రచురించింది. పైన పరిశీలించిన అంశాలను బట్టి రెండు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, రిలే విజయాన్ని వ్యక్తి చరిత్రగా కాక అంచెల వారీగా, సమష్టి కృషిగా చదవాలి. రెండవది, ఆ ఒక్క గెలుపును చూపి మిగిలిన ఓటములు న్యాయమైనవే అనడం సరికాదు. పట్టికను సవరించే అధికారం చరిత్రకారునికి లేదు. దాని పక్కన న్యాయస్థానపు తీర్పును, ప్రభుత్వ పత్రాలను, 1976లో ఎవరూ వినని ఒక పందొమ్మిదేళ్ల యువతి మాటను ఉంచి చదివించే బాధ్యత మాత్రం ఉంది.