మంద వెనక్కి తిరిగింది

2004 సెప్టెంబరు. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్కు. వానలు వెనకబట్టి నెలలైంది. గడ్డి ఎండిపోయింది, వాగులు ఇంకిపోయాయి. ఇలాంటి రోజుల్లో నీళ్లు నిలిచిన ప్రతి చోటుకూ దాహంతో కొన్ని జంతువులు వస్తాయి. వాటి కోసం మరికొన్ని కాచుకుని ఉంటాయి.

ట్రాన్స్‌పోర్ట్ డ్యామ్ అనే మడుగు అలాంటి చోటే. ఒక గట్టున సఫారీ బండి ఆగి ఉంది. గైడ్ ఫ్రాంక్ వాట్స్. అమెరికా నుంచి వచ్చిన డేవిడ్ బుడ్జిన్‌స్కీ చేతిలో మామూలు పర్యాటకుల వీడియో కెమెరా. జేసన్ ష్లోస్‌బర్గ్ ఫొటోలు తీస్తున్నాడు.

అవతలి గట్టున సింహాలు నేలకు కరుచుకుని పడుకుని ఉన్నాయి. అటుగా అడవి దున్నల మంద వస్తోంది. మందకు కాస్త ముందుగా రెండు పెద్ద దున్నలు, వాటి పక్కనే ఒక దూడ. గాలి అటునుంచి వీయడం లేదో ఏమో, సింహాల వాసన వాటికి తగల్లేదు. బండిలో ఉన్నవాళ్లకు రెండు పక్షాలూ కనిపిస్తున్నాయి. దున్నలకు మాత్రం ముందున్న ఆపద తెలియదు.

దగ్గరికి వచ్చాక ముందున్న దున్న ఠక్కున ఆగింది. అప్పటికే ఆలస్యమైపోయింది. సింహాలు లేచి దూకాయి. మంద చెల్లాచెదురైంది. పెద్దవి పరుగు తీశాయి, దూడ వెనకబడింది. ఒక సింహం దాని మీదకు లంఘించింది. ఆ ఊపుకు రెండూ దొర్లి మడుగులో పడ్డాయి.

మిగతా సింహాలు ఒడ్డున బారు తీరి, దూడను పళ్లతో పట్టి పైకి లాగసాగాయి. సగం బయటికి వచ్చిందో లేదో నీళ్లు భళ్లున చిమ్మాయి. మొసలి! అది దూడను వెనకవైపు పట్టుకుంది. సింహాలు ఒడ్డుకు, మొసలి నీళ్లలోకి. మధ్యలో ప్రాణంతో ఉన్న పసికూన. ఒకసారి సింహాలు జారతాయి, ఒకసారి మొసలి తేలుతుంది. చివరికి మొసలి పట్టు వదిలింది. సింహాలు దూడను గట్టెక్కించి, చుట్టూ మూగి, తినడానికి కూర్చున్నాయి.

మొసలి పట్టు అనగానే తెలుగువాళ్లకు గజేంద్ర మోక్షమే తలపుకొస్తుంది. ఏనుగుల రాజు అంతటివాడికి వైకుంఠం నుంచి దిక్కు రావలసి వచ్చింది. ఈ దూడకు దిక్కు దాని మందే అయింది.

దుమ్ము లేచింది. పారిపోయిన దున్నలు తిరిగి వస్తున్నాయి. ఒకటీ రెండూ కాదు, మంద మొత్తం. కొమ్ములు ముందుకు చాచి, భుజానికి భుజం రాసుకుంటూ అర్ధచంద్రాకారంగా సింహాలను చుట్టుముట్టాయి. లెక్క చూసుకుంటే ఆ బలం సామాన్యమైంది కాదు. ఎదిగిన మగదున్న 700 కిలోల దాకా తూగుతుంది. ఆడసింహం బరువు 120 కిలోలకు అటూ ఇటూ. సింహం బలం వేటలో ఉంది, పొంచి ఉండి ఒంటరిదాన్ని పట్టడంలో ఉంది. ఎదురు నిలిచిన మందతో తలపడడం దానికి కలిసొచ్చే పని కాదు.

ఒక దున్న ముందుకు ఉరికి ఒక సింహాన్ని తరిమింది. ఇంకో దున్న మరో సింహాన్ని కొమ్ములతో ఎత్తి గాల్లోకి విసిరేసింది. అది కిందపడి, లేచి, పారిపోయింది. దున్న దాన్ని వదల్లేదు, వెంటపడి తరిమింది. మిగిలిన సింహాలు దూడను వదల్లేక, మందను ఎదిరించలేక ఊగిసలాడుతున్నాయి.

అప్పుడు కదిలింది దూడ! చచ్చిపోయిందనుకున్నది లేచి నిలబడింది. బండిలోని వాళ్ల గొంతుల్లో ఆశ్చర్యం ఇప్పటికీ ఆ వీడియోలో వినిపిస్తుంది. గొంతు పట్టి ఊపిరాడకుండా చేసి చంపడం సింహాల పద్ధతి. నీళ్లూ మొసలీ మందా కలిసి ఆ పని పూర్తి కానివ్వలేదు. దూడ తడబడుతూ అడుగులేసి పెద్దల కాళ్ల మధ్యకు చేరింది. మంద దాన్ని లోపలికి కలుపుకుంది. ఆ తర్వాత కూడా దున్నలు శాంతించలేదు, మిగిలిన సింహాలనూ వెళ్లగొట్టాయి. మొత్తం ఎనిమిది నిమిషాల పైచిలుకు కథ.

తీసినవాళ్లు ఊరు చేరాక టీవీ ఛానెళ్లకు చూపిస్తే మొదట ఎవరూ పట్టించుకోలేదు. 2007 మే 3న అది యూట్యూబ్‌లోకి వచ్చింది. 'బ్యాటిల్ ఎట్ క్రూగర్' పేరుతో ప్రపంచమంతా తిరిగింది. కోట్లసార్లు చూశారు జనం. 2008లో నేషనల్ జియోగ్రాఫిక్ ఛానెల్ దీని మీద ఒక డాక్యుమెంటరీనే ప్రసారం చేసింది.

చూసినవాళ్లు దీన్ని అద్భుతమన్నారు. అద్భుతం అది కెమెరాకు చిక్కడం. దున్నలు తమ పిల్లల కోసం తిరగబడడం అడవికి కొత్త కాదు. ఆపదలో పడ్డ దూడ అరుపుకు మంద బదులిస్తుంది. మంద అంటే తల తిక్కగా కదిలే గుంపు అనుకుంటాం గానీ, దానికీ ఒక కట్టుబాటు ఉంది. టాంజానియాలోని లేక్ మన్యారాలో అడవి దున్నలను ఏళ్ల తరబడి గమనించిన డచ్ శాస్త్రవేత్త హెర్బర్ట్ ప్రిన్స్ ఒక సంగతి రాశారు. సాయంత్రం మేతకు బయల్దేరే ముందు పడుకున్న ఆడదున్నలు ఒక్కొక్కటే లేచి, కాసేపు ఒక వైపు చూసి, మళ్లీ పడుకుంటాయట. చివరికి మంద ఆ చూపులన్నీ కలిసిన దిక్కుకే నడుస్తుందట. కలిసి నిర్ణయించుకోవడం అలవాటైన ప్రాణులకు కలిసి వెనక్కి తిరగడం కూడా తెలుసు.

అలాగని సింహాలను దుర్మార్గుల్ని చేయకూడదు. వాటికీ కూనలుంటాయి, వాటికీ ఆకలి ఉంటుంది. క్రూగర్ 1898లో సబీ రిజర్వుగా మొదలైంది, 1926లో నేషనల్ పార్కు అయింది. తొలినాళ్లలో జింకలను కాపాడాలని ఇక్కడి అధికారులే సింహాలను కాల్చి చంపారు. వేటాడే జంతువు లేని అడవి అడవే కాదని తర్వాత్తర్వాత అర్థమైంది. ఈ రోజు సుమారు 20 వేల చదరపు కిలోమీటర్లలో దున్నకూ సింహానికీ మొసలికీ సమానంగా చోటుంది. ఆ మడుగు దగ్గర గెలుపోటములు వాటి మధ్యే తేలాయి.

నాకు అన్నిటికన్నా నచ్చింది బండిలోని మనుషులు చేసిన పని. వాళ్లు కిందికి దిగలేదు, మధ్యలోకి వెళ్లలేదు. దూడ మీద జాలితో హారన్ కొట్టి ఉంటే, బండి ముందుకు పోనిచ్చి ఉంటే, మంద బెదిరి ఇంకా దూరం పోయేది. అసలు తిరిగి వచ్చేదే కాదేమో. వాళ్ల ఓపికే ఆ దూడకు మేలు చేసింది.

ఇప్పుడు మనవాళ్లు కెన్యాకు, టాంజానియాకు, దక్షిణాఫ్రికాకు సఫారీలకు వెళ్తున్నారు. అంత దూరం పోలేనివాళ్లకు నల్లమలలో మన్ననూరు దగ్గర ఫరహాబాద్ ఉంది. ఎక్కడికి వెళ్లినా, పులి కనిపించిందట, సింహం కనిపించిందట అని డ్రైవర్‌ను తొందరపెట్టి బండ్ల గుంపులో చేరకండి. నీళ్లున్న చోట ఆపమనండి. బండి దిగకండి, కేకలు వేయకండి, ఫొటో కోసం వాటి దారికి అడ్డం పోకండి. ఏ జంతువూ కనిపించకపోయినా గంటసేపు అక్కడే కూర్చోండి. అడవిలో మనం అతిథులం. ఇంటివాళ్ల పని ఇంటివాళ్లను చేసుకోనివ్వడమే అతిథి మర్యాద.