అగ్గిపుల్ల నేర్పిన పాఠం: పనిచోట ఆరోగ్యానికి దేశాల ఒడంబడిక



నేను ప్రభుత్వ వైద్యునిగా ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో, నలభై ఏళ్లు కూడా నిండని ఒక వ్యక్తి దగ్గుతో, ఆయాసంతో మా వార్డులో చేరాడు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల పైభాగాన నీడలు కనిపించాయి. కఫంలో క్రిములు కనబడకపోయినా, క్షయ అని నిర్ణయించి మందులు మొదలుపెట్టాను. నెలలు గడిచినా ఆయాసం తగ్గలేదు సరికదా, మరింత పెరిగింది. ఒకనాడు రౌండ్సుకు వచ్చిన మా పెద్ద డాక్టరుగారు మంచం పక్కన కూర్చుని, "ఏం పని చేస్తావయ్యా?" అని అడిగారు. "పలకలు కోస్తానండీ, పదిహేనేళ్ల నుంచీ" అన్నాడతను. అతనిది మార్కాపురం ప్రాంతం. మన తరం వారు ఏ పలక మీద ఓనమాలు దిద్దుకున్నారో, ఆ పలకను కోసేటప్పుడు లేచే ధూళి అతని ఊపిరితిత్తులలో పేరుకున్నది. అది సిలికోసిస్. ఆ ప్రశ్న నేను అన్ని నెలలలో ఒక్కసారి కూడా అడగలేదు.

నిజానికి ఆ ప్రశ్న చాలా పాతది. 1700 సంవత్సరంలో ఇటలీలోని మోదెనా నగరంలో బెర్నార్దినో రమజ్జీని అనే వైద్యుడు కార్మికుల వ్యాధులపై ఒక గ్రంథం ప్రచురించారు. రోగిని అడగవలసిన ప్రశ్నలంటూ పూర్వులు చెప్పిన వాటికి మరొకటి చేర్చాలని, అది "నీ వృత్తి ఏమిటి?" అన్నదని ఆయన బోధించారు. వృత్తివ్యాధుల వైద్యానికి ఆయనను పితామహునిగా భావిస్తారు.

అయితే కారణం వైద్యునికి తెలిసినంత మాత్రాన వ్యాధి ఆగుతుందా? ఆగదు. కారణం స్పష్టంగా తెలిసిన తరువాత కూడా ఒక వ్యాధి దశాబ్దాల పాటు కొనసాగింది. చివరకు దానిని అంతమొందించినది మందు కాదు, దేశాల మధ్య కుదిరిన ఒక ఒడంబడిక. ఆ కథను మీ ముందుంచాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

1830 ప్రాంతంలో ఐరోపాలో తెల్ల భాస్వరంతో అగ్గిపుల్లల తయారీ మొదలైనది. ఎక్కడ గీసినా వెలిగే ఆ పుల్ల చవకైనది, సౌకర్యమైనది. కానీ పుల్లలను భాస్వరపు ముద్దలో ముంచి, ఆరబెట్టి, పెట్టెలలో సర్దే కార్మికులు రోజంతా దాని ఆవిరిని పీల్చేవారు. కొన్ని సంవత్సరాలకు పంటినొప్పి మొదలయ్యేది. పళ్లు కదిలేవి, చిగుళ్ల నుంచి దుర్గంధంతో కూడిన చీము కారేది, తరువాత దవడ ఎముక జీవం కోల్పోయి కుళ్లిపోయేది. ఆ ఎముకను కోసి తీసివేయడమే చికిత్స. బతికినవారికి ముఖం వికృతమయ్యేది, కొందరు ప్రాణాలే కోల్పోయేవారు. ఈ వ్యాధికీ భాస్వరానికీ గల సంబంధాన్ని 1845లోనే వియన్నా వైద్యుడు లోరిన్సర్ ప్రకటించారు.

విచిత్రమేమిటంటే, విరుగుడు కూడా అదే కాలంలో లభించినది. వియన్నాలోనే ష్రోటర్ అనే రసాయనవేత్త అంతగా హాని చేయని ఎర్ర భాస్వరాన్ని తయారుచేసి చూపారు. పెట్టె అంచున ఎర్ర భాస్వరం పూసి, దాని మీద గీస్తేనే వెలిగే అగ్గిపుల్లను స్వీడన్ దేశీయులు రూపొందించారు. నేడు మన పూజగదిలో, వంటింట్లో ఉన్నది ఆ పద్ధతి పుల్లయే. అయినా తెల్ల భాస్వరం మరో అరవై ఏళ్లు రాజ్యమేలింది. కొనేవారు ఎక్కడ గీసినా వెలిగే చవక పుల్లనే కోరేవారు, యజమానులు అదే తయారుచేసేవారు.

1888లో లండన్‌లో ఒక పెద్ద అగ్గిపెట్టెల కర్మాగారంలో సుమారు 1400 మంది స్త్రీలు, బాలికలు సమ్మె చేశారు. వారి దుస్థితిని పత్రికలో వ్రాసి లోకానికి చాటినవారు అనీ బిసెంట్. తరువాతి కాలంలో మన మదనపల్లెలో కళాశాల స్థాపించిన అనీ బిసెంట్ ఆవిడే. జరిమానాలు రద్దయ్యాయి. భాస్వరం అంటిన బల్లల దగ్గర కాక, వేరే గదిలో భోజనం చేసే వీలు కలిగినది. కానీ తెల్ల భాస్వరం మాత్రం పోలేదు. 1891లో సాల్వేషన్ ఆర్మీ సంస్థ ఎర్ర భాస్వరంతో, మెరుగైన కూలితో సొంత కర్మాగారం నడిపి ఆదర్శం చూపింది. దాని పుల్ల ధర ఎక్కువ కావడంతో సుమారు పదేళ్లకే ఆ ప్రయత్నం ముగిసింది. సమ్మె గానీ, దాతృత్వం గానీ ఒంటరిగా ఈ పని చేయలేకపోయాయి.

మరి ప్రభుత్వాలు నిషేధించవచ్చు గదా అంటారా? ఫిన్లాండు 1872లో, డెన్మార్కు 1874లో నిషేధించాయి. స్విట్జర్లాండు కూడా 1879లో నిషేధించింది. కానీ అక్కడ ప్రత్యామ్నాయపు పుల్లలు నాసిగా ఉండటంతో దొంగచాటు తయారీ, సరిహద్దుల మీదుగా దొంగరవాణా పెరిగి, మూడేళ్లకే, అంటే 1882లో, నిషేధాన్ని ఎత్తివేయవలసి వచ్చింది. మళ్లీ నిషేధించడానికి 1898 వరకు పట్టింది. ఈ అనుభవంలోనే మన కథ కీలకం ఉన్నది. ఒక దేశం తన కార్మికుని కాపాడుకుంటే పొరుగుదేశపు చవక సరుకు వచ్చి దాని బజారును ఆక్రమిస్తుంది. ఈ భయమే ప్రతి దేశాన్నీ వెనక్కు లాగింది.

1900లో పారిస్‌లో కార్మిక శాసనాల కోసం ఒక అంతర్జాతీయ సంఘం ఏర్పడినది. దాని కార్యాలయం స్విట్జర్లాండులోని బాసెల్‌లో వెలసింది. ఆ సంఘం కృషి ఫలితంగా 1906 సెప్టెంబరు 26న బెర్న్ నగరంలో డెన్మార్కు, ఫ్రాన్సు, జర్మనీ, ఇటలీ, లక్సెంబర్గు, నెదర్లాండ్సు, స్విట్జర్లాండు ఒక ఒడంబడికపై సంతకాలు చేశాయి. తెల్ల భాస్వరపు అగ్గిపుల్లల తయారీతో పాటు దిగుమతిని, అమ్మకాన్ని కూడా నిషేధించడం దాని సారాంశం. ఆ రెండు మాటలు గమనించండి. స్విస్ అనుభవం నేర్పిన పాఠం వాటిలో ఉన్నది.

బ్రిటన్ మొదట దూరంగా ఉండి, 1908లో చట్టం చేసి 1910 నుంచి అమలుపరచింది. మన దేశంలో 1913లో తెల్ల భాస్వరపు అగ్గిపుల్లల నిషేధ చట్టం వచ్చింది. అమెరికాలో కర్మాగారాలలో తయారీని నేరుగా నిషేధించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి లేదని భావించారు. అందుచేత 1912లో నూరు పుల్లలకు రెండు సెంట్ల పన్ను విధించి, ఎవరూ వాటిని తయారుచేయలేని స్థితి కల్పించారు. మనసుంటే మార్గముంటుందనడానికి ఇంతకన్న నిదర్శనం ఏమి కావాలి?

మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత, 1919 వెర్సేల్స్ సంధిలో భాగంగా అంతర్జాతీయ కార్మిక సంస్థ పుట్టింది. భారతదేశం అందులో వ్యవస్థాపక సభ్యదేశం. ఆ ఏడాది వాషింగ్టన్‌లో జరిగిన తొలి మహాసభలోనే, బెర్న్ ఒడంబడికలో చేరవలసిందిగా మిగిలిన దేశాలను కోరారు. 1921లో ఇళ్ల లోపలి రంగులలో సీసపు తెల్లరంగు వాడకాన్ని పరిమితం చేసే ఒప్పందం వచ్చింది. 1925లో సీసం, పాదరసం, ఆంత్రాక్సు వల్ల కలిగే వృత్తివ్యాధులకు పరిహారం చెల్లించాలన్న ఒప్పందం కుదిరింది. 1930లో దక్షిణాఫ్రికా బంగారుగనుల నగరమైన జోహానెస్‌బర్గ్‌లో వివిధ దేశాల వైద్యులు సమావేశమై సిలికోసిస్‌ను చర్చించారు. 1934లో సిలికోసిస్ కూడా పరిహారపు పట్టికకెక్కింది. భోపాల్ విషవాయు దుర్ఘటన జరిగిన తొమ్మిదేళ్లకు, 1993లో, భారీ పారిశ్రామిక ప్రమాదాల నివారణకు ఒప్పందం వచ్చింది. దానిని మన దేశం 2008లో ఆమోదించింది.

భాస్వరపు వ్యాధి పోయినది గదా, సిలికోసిస్ ఎందుకు పోలేదు? భాస్వరానికి బదులు మరొకటి దొరికింది. సిలికా అట్లా కాదు, అది భూమిలోనే ఉన్నది. గని త్రవ్వినా, రాయి కొట్టినా, పలక కోసినా ఆ ధూళి లేస్తుంది. కంటికి కనబడనంత సన్నని రేణువులు ఊపిరితిత్తుల లోతులకు చేరి, అక్కడ గట్టి మచ్చలు ఏర్పరుస్తాయి. ఆ మచ్చలను మాన్పే మందు నేటికీ లేదు. పైగా ఆ ఊపిరితిత్తులకు క్షయ సులభంగా సోకుతుంది. నివారణ మాత్రం కష్టమైనది కాదు. కోసేచోట నీరు చల్లడం, ధూళిని పుట్టినచోటే యంత్రంతో లాగివేయడం, ఆ పైన తగిన మాస్కు. 2030 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించాలన్న ధ్యేయంతో అంతర్జాతీయ కార్మిక సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1995లోనే కార్యక్రమం ప్రారంభించాయి. గడువు దగ్గరపడింది, వ్యాధి మాత్రం మన మధ్యనే ఉన్నది.

చరిత్ర మళ్లీ అదే ప్రశ్న వేస్తున్నది. నేటి ఇళ్లలో వంటగట్టు మీద పరుస్తున్న కృత్రిమ క్వార్ట్జ్ పలకలలో సిలికా అత్యధికం. వాటిని పొడిగా కోసే యువకులలో సిలికోసిస్ త్వరగా, తీవ్రంగా వస్తున్నదని పలు దేశాల వైద్యులు గుర్తించారు. 2024 జూలై 1 నుంచి ఆస్ట్రేలియా ఆ పలకల తయారీని, సరఫరాను, అమరికను నిషేధించింది. ఇట్టి నిషేధం విధించిన మొదటి దేశం అదే. మిగిలిన దేశాలు తోడు రాకపోతే ఆ పని, దానితోపాటు ఆ ధూళి, కూలి తక్కువగా ఉన్న దేశాలకు తరలిపోతాయి. 1879 నాటి స్విట్జర్లాండు గుర్తుకు రావడం లేదా?

2022 జూన్‌లో అంతర్జాతీయ కార్మిక మహాసభ, సురక్షితమైన, ఆరోగ్యకరమైన పనిచోటును కార్మికుల మౌలిక హక్కులలో ఒకటిగా చేర్చింది. సంబంధిత ఒప్పందాలను ఆమోదించినా, ఆమోదించకపోయినా, సభ్యదేశాలన్నీ ఈ సూత్రాన్ని గౌరవించవలసి ఉన్నది. మాట గొప్పదే, కానీ అది జెనీవా నుంచి మార్కాపురానికి తనంతట తాను నడచిరాదు.

కాబట్టి మీకొక విన్నపం. దగ్గు, ఆయాసం, చర్మవ్యాధి, చెవుడు వంటి వాటితో వైద్యుని వద్దకు వెళ్లినప్పుడు, ఆయన అడగకపోయినా మీరు చేసే పని, ఇంతకు ముందు చేసిన పని చెప్పండి. ఇంట్లో రాళ్లు కోయిస్తున్నప్పుడు నీళ్లు పోస్తూ కోయమని పట్టుబట్టండి. యువ వైద్యులారా, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే సిలికోసిస్‌ను అధికారులకు తెలియజేయవలసిన వ్యాధిగా పేర్కొన్నారు. లెక్కకెక్కని రోగి కోసం ఏ చట్టమూ, ఏ ఒడంబడికా కదలదు.

ఆ పలకల కార్మికుడు మా ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లాడు గాని, కోలుకోలేదు. రెండేళ్లకు మరణించాడని తెలిసింది. నేను ముందే అడిగి ఉంటే అతని ఊపిరితిత్తులు బాగుపడేవి కావు. కానీ ఆ నెలలు వృథా పోకుండా, అతని పక్కన కూర్చుని పలకలు కోస్తున్న మరో పదిమందిని పరీక్షించి ఉండేవాళ్లం. ఆనాటి నుంచి పదవీ విరమణ చేసేవరకు, పేరు తరువాత నేను అడిగిన రెండవ ప్రశ్న అదే.