పేరుకు పదిహేను గడులు

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ పెద్ద రైల్వే కూడలి. ఆ పట్టణంలో ఖరిదా ఒక పేట. అక్కడి వీధుల్లో బెంగాలీ, హిందీలతో పాటు తెలుగు కూడా వినబడుతుంది. ఇందుకు కారణం రైలు మార్గమే. వాల్తేరు నుండి కటకం వరకు ఉన్న కోస్తా మార్గాన్ని 1902లో బెంగాల్ నాగపూర్ రైల్వే తన అధీనంలోకి తీసుకున్నది. దాదాపు అదే కాలంలో ఆ సంస్థ ఖరగ్‌పూర్‌లో పెద్ద వర్క్‌షాపు నెలకొల్పింది. ఆ పనుల కోసం శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుండి ఎందరో అక్కడికి తరలిపోయారు. వారి పిల్లలు, మనుమలు అక్కడే స్థిరపడినా పెళ్ళిళ్ళకీ పండగలకీ సొంత ఊరు వెళ్ళక తప్పదు. వెళ్ళాలంటే రైలు టిక్కెట్టు కావాలి. టిక్కెట్టు కావాలంటే ఫారం నింపాలి.

రిజర్వేషను ఫారం మీద ఒక సూచన ఏళ్ళ తరబడి అచ్చయి ఉండేది: పేరును పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో, 15కు మించకుండా రాయాలి. ఇప్పుడు వెంకట సత్యనారాయణ అనే పేరు తీసుకుందాం. ఇంగ్లీషు లిపిలో వెంకటకు 7 అక్షరాలు, సత్యనారాయణకు 13, మధ్య ఖాళీకి ఒకటి. మొత్తం 21. పదిహేనో గడి దగ్గర కోస్తే మిగిలేది 'వెంకట సత్యన' మాత్రమే. వెంకట సత్యనారాయణమ్మ అనే పేరును కోసినా సరిగ్గా అదే మిగులుతుంది! ఇద్దరినీ వేరు చేయడానికి వయసు, ఆడ-మగ అనే గడులే దిక్కు. ఇంటిపేరుకైతే చోటే లేదు.

ఒక మనిషి పేరుకు ఎంత చోటివ్వాలో ఎవరు నిర్ణయించారు? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే కంప్యూటరు తెర చరిత్రే మన ముందు విప్పుకుంటుంది.

కార్డు నుండి తెరకు

1890లో అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హోలరిత్ రంధ్రాల కార్డులను ఉపయోగించాడు. 1928లో ఐబీఎం సంస్థ 80 నిలువు వరసల కార్డును ప్రవేశపెట్టింది. ఒక వరసలో ఒక అక్షరం. ఒక మనిషి వివరాలన్నీ ఆ ఎనభైలో ఇమడాలి. పేరుకు ఇన్ని, వయసుకు రెండు, జీతానికి ఇన్ని అని ముందే పంచిపెట్టాలి. పేరుకు ఎక్కువ ఇస్తే మరొకదానికి తగ్గుతుంది. మన దేశంలో 1960ల దశకంలో రైల్వేలు తెచ్చుకున్న ఐబీఎం 1401 కంప్యూటర్లు కూడా కార్డులను చదివేవే.

తరువాత కార్డు స్థానంలోకి తెర వచ్చింది. 1964 నాటి ఐబీఎం 2260 తెర మీద 12 పంక్తులు, పంక్తికి 80 అక్షరాలు పట్టేవి. 1971లో వచ్చిన 3270 శ్రేణిలో 24 పంక్తులు, 80 అక్షరాల తెర ప్రసిద్ధమైంది. 1978లో డిజిటల్ సంస్థ తెచ్చిన వీటీ 100 కూడా 80 అక్షరాల పంక్తినే ఉంచింది. కార్డు పోయినా దాని వెడల్పు మాత్రం పోలేదు!

సికింద్రాబాదు అడుగు

భారతీయ రైల్వేలో కంప్యూటరు రిజర్వేషను 1985లో ఢిల్లీలో ప్రయోగాత్మకంగా మొదలైంది. 'ఇంప్రెస్' అనే ఆ వ్యవస్థను ప్రభుత్వరంగ సంస్థ సీఎంసీ తయారు చేసింది. వాక్స్ కంప్యూటరు ఒకచోట, దానికి తగిలించిన అక్షరాల టెర్మినళ్ళు కౌంటర్ల దగ్గర ఉండేవి. దాని తరువాతి తరమైన 'కాన్సర్ట్' 1994లో మొదట సికింద్రాబాదులో అమలుకు వచ్చింది. 1999 నాటికి ఢిల్లీ, ముంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదు కేంద్రాలు ఒకే వలలో కలిశాయి. ఖరగ్‌పూర్‌లో ఉన్నవారికి సికింద్రాబాదు నుండి తిరుగు టిక్కెట్టు దొరకడం అప్పటి నుండి సులభమైంది.

అయితే ఇన్ని గడులు అని ఎందుకు కొలిచి ఇవ్వాలి? ఆ రోజుల్లో జ్ఞాపకశక్తి ఖరీదైనది. పేరుకు ఐదు అక్షరాలు అదనంగా ఇస్తే లక్ష మంది ప్రయాణికులకు ఐదు లక్షల అక్షరాల చోటు కావాలి. 1980ల నాటి 360 కిలోబైట్ల ఫ్లాపీలో పట్టేది సుమారు 3 లక్షల 68 వేల అక్షరాలే. పైగా తెర, డిస్కు, టిక్కెట్టు ముద్రించే యంత్రం, ఈ మూడింటిలోనూ చోటు లెక్క ప్రకారమే ఉంటుంది.

చుక్కల తెర, కొత్త తంటా

అక్షరాల తెర మీద ఫారం గీయడం తేలిక. 1980లలో పేరుపొందిన డీబేస్‌లో 'ఐదో పంక్తి, పదో గడి దగ్గర పేరు అని చూపించు, పక్కన జవాబు తీసుకో' అని ఆజ్ఞాపిస్తే చాలు. 'సే', 'గెట్' అనే ఆ రెండు మాటలను 1990లలో కంప్యూటరు నేర్చుకున్న విద్యార్థులు ఎందరో రాశారు. ఏ యంత్రం మీద చూసినా ఐదో పంక్తి ఐదో పంక్తే.

విండోస్ వచ్చాక ఈ నిశ్చింత పోయింది. ఇక్కడ తెర అంటే చుక్కల గుంపు. 1987 నాటి వీజీఏ తెరలో అడ్డంగా 640, నిలువుగా 480 చుక్కలు. తరువాత 800 × 600, ఆపైన 1024 × 768 వచ్చాయి. 640 చుక్కల వెడల్పుతో గీసిన ఫారాన్ని 1024 చుక్కల తెర మీద తెరిస్తే అది వెడల్పులో 62.5 శాతం, వైశాల్యంలో 39 శాతం మాత్రమే ఆక్రమించి ఒక మూల కూర్చుంటుంది. పెద్ద తెర మీద గీసినదాన్ని చిన్న తెర మీద తెరిస్తే కుడివైపు 384 చుక్కల భాగం కనబడదు. 'భద్రపరచు' అనే బొత్తం ఆ భాగంలోనే ఉంటే గుమాస్తా గతి ఏమిటి?

1991లో వచ్చిన విజువల్ బేసిక్ చుక్కలకు బదులు 'ట్విప్' అనే కొలత వాడింది. అంగుళానికి 1440 ట్విప్‌లు. అంగుళానికి 96 చుక్కలు అనుకుంటే ఒక చుక్కకు 15 ట్విప్‌లు. 9600 ట్విప్‌ల ఫారం 640 చుక్కలతో సరిపోతుంది. కాని కంటికి ఇబ్బందిగా ఉందని ఎవరైనా విండోస్‌లో పెద్ద అక్షరాలు ఎంచుకుంటే లెక్క అంగుళానికి 120 చుక్కలవుతుంది. అప్పుడు అదే ఫారానికి 800 చుక్కలు కావాలి. తెర మారలేదు, ఫారం మారలేదు, అయినా అంచులు తెగిపోతాయి.

మూడు ఉపాయాలు

దీనికి ప్రోగ్రామర్లు మూడు ఉపాయాలు పన్నారు. మొదటిది హెచ్చవేత. కొత్త వెడల్పును పాత వెడల్పుతో భాగించి, వచ్చిన సంఖ్యతో ప్రతి గడి స్థానాన్నీ, కొలతనూ, అక్షరాల పరిమాణాన్నీ గుణించడం. అక్షరాలను మరచిపోతే గడి పెరిగి, లోపలి రాత చిన్నదిగానే ఉంటుంది.

రెండవది లంగరు. ఈ బొత్తం ఎప్పుడూ కుడి అంచుకు ఇంత దూరంలో ఉండాలి, ఈ పెట్టె రెండు అంచులనూ పట్టుకుని సాగాలి అని చెప్పడం. డెల్ఫీ, ఆ తరువాత డాట్‌నెట్ దీన్ని ఫారం గుణాల్లో చేర్చాయి.

మూడవది సంబంధాల పద్ధతి. 1995లో వచ్చిన జావా ఈ దారి పట్టింది. స్థానాలు మనం చెప్పం. 'ఇది దాని పక్కన, అది దీని కింద' అంటాం. తెరను చూసి కొలతలు యంత్రమే వేసుకుంటుంది.

2002లో రైలు టిక్కెట్లు ఇంటర్నెట్‌లో అమ్మడం మొదలయ్యాక ఈ మూడవ పద్ధతి అవసరం తెలిసివచ్చింది. అంతవరకు ఫారం కౌంటరు గుమాస్తా ముందు, తెలిసిన తెర మీద ఉండేది. ఇప్పుడది ప్రయాణికుని ముందుకు వచ్చింది. అతని తెర ఎంతో ఫారం గీసినవానికి తెలియదు. సెల్‌ఫోన్లు వచ్చాక తేడా మరీ పెరిగింది. 2010లో ఈథన్ మార్కాట్ తెరను బట్టి తనంతట తానే సర్దుకునే పేజీల పద్ధతికి పేరు పెట్టి ప్రచారం చేశాడు.

పెట్టె పెరిగినా పేరు పెరగదు

ఇక్కడ విద్యార్థులు ఒక సంగతి గుర్తించాలి. తెర మీది పెట్టె వేరు, సమాచార నిధిలో దానికి కేటాయించిన చోటు వేరు. పెట్టెను ఎంత సాగదీసినా లోపల 15 గడులే ఉంటే పదహారో అక్షరం పోతుంది. పెట్టె చిన్నదై లోపల చోటుంటే రాత పక్కకు జరుగుతుందే తప్ప పోదు. మొదటిది నష్టం, రెండవది ఇబ్బంది మాత్రమే.

తెలుగు లిపితో కొలత ఇంకా చిత్రంగా మారుతుంది. వెంకట సత్యనారాయణ అని తెలుగులో రాస్తే కంటికి కనిపించే అక్షరాలు 9. కాని యంత్రం గుణింతాన్ని, పొల్లును, సున్నను విడివిడిగా లెక్కిస్తుంది. ఖాళీతో కలిపి 16 సంకేతాలు. 1991లో ప్రమాణంగా వెలువడిన ఇస్కీ పద్ధతిలో సంకేతానికి ఒక బైటు చొప్పున 16 బైట్లు. నేడు వాడుకలో ఉన్న యూటీఎఫ్-8లో తెలుగు సంకేతానికి మూడు బైట్లు. ఖాళీకి ఒకటి కలిపితే 46. అంటే 15 బైట్ల గడిలో మిగిలేది 'వెంకట' ఒక్కటే! ఎత్తు సంగతి కూడా ఉంది. వీజీఏ అక్షరాల తెరలో ఒక్కో అక్షరానికి అడ్డం 9, నిలువు 16 చుక్కలు. ఇంగ్లీషుకు అది చాలు. పైన గుడి, కింద ఒత్తు ఉన్న తెలుగు అక్షరానికి ఇరుకు.

జ్ఞాపకశక్తి ఇప్పుడు చవక. 80 గడుల కార్డు ఎవరూ వాడడం లేదు. అయినా కొలతలకు అలవాటు బలం ఎక్కువ. కొత్త ఫారం గీసే ప్రతిసారీ పాత దాన్ని చూసి గడులు దించుకోవడం ఇంకా పోలేదు. కాబట్టి రేపు మీరు కళాశాల గ్రంథాలయానికో, ఊరి సహకార సంఘానికో ఒక ఫారం తయారు చేస్తే ముందు తెర తెరవకండి. ఆ ఊరి పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. వాటిలో అన్నిటికన్నా పొడుగైనదాన్ని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ లెక్కపెట్టండి. పేరుకు ఎన్ని గడులు కావాలో ఆ పేరు పెట్టుకున్న మనిషిని బట్టి తేలాలి, కార్డును బట్టి కాదు.