క్రియకు లింగమున్నదా?

మన తెలుగును ప్రాచ్యదేశపు ఇటాలియనని పొగడుట మీరు వినియేయుందురు. గవర్నరుపేటలో మా యరుగుమీద ఆ భాషను వల్లెవేయుచున్న నా మనుమరాలివలన ఈ పొగడ్త యెంతవరకు చెల్లునో తెలిసికొంటిని. రెండింట మాటలు తరచుగా అచ్చులతో ముగియును. పోలిక యంతటితో సరి.

అచ్చట పోయిన పురుషుడు ‘అందాతో’, పోయిన స్త్రీ ‘అందాత’. సంస్కృతమున గతః, గతా యనుట యిట్టిదే. ఇటాలియనునకు తల్లియగు లాటినును సంస్కృతమును ఒకే మూలమునుండి పుట్టినవని విలియం జోన్సు 1786లో కలకత్తాలో చెప్పియుండెను. మనకో, వచ్చిన రాముడు, వచ్చిన సీత, వచ్చిన ఆవు. ‘వచ్చిన’ కదలనే కదలదు. తెలుగు సంస్కృతజన్యము కాదని 1816లో కాంబెలుగారి వ్యాకరణమునకు వ్రాసిన పీఠికలో ఎల్లిసుదొర ధాతువులతో నిరూపించెను. నేనైతే ఈ ‘వచ్చిన’ను గూడ సాక్షిగా పిలుతును.

అట్లని మన క్రియకు లింగము లేకపోలేదు. రాముడు వచ్చినాడు, సీత వచ్చినది, ఆవు కూడ వచ్చినదే! బహువచనమున మాత్రము స్త్రీలును పురుషులవలె ‘వచ్చిరి’. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణమున మహత్తు, మహతి, అమహత్తు అని విభాగము చేసినది ఇందులకే.

“తాతగారూ, నేనును వీధిలోని ఆవును ఒకటేనా?” యని మనుమరాలు అడిగినది. అడిగెను అని దిద్దుకొంటిని. ఆ రూపమున రాముడు, సీత, ఆవు మువ్వురును సమానులే.