వార్ధకమున రక్తపుపోటు

పెద్దవయస్సున నొకరికి క్రొత్తగా రక్తపుపోటు హెచ్చినదని వైద్యుడు చెప్పినప్పుడు మన యిండ్లలో తఱుచుగా వినవచ్చు మాట యొకటి కలదు: "అరువది దాటినవి, ఆ మాత్రముండదా?" దీనికి తోడుగా నొక లెక్కయు చెప్పుదురు. వయస్సునకు 100 కలిపినచో నెంతయగునో అంత పోటు స్వాభావికమట. డెబ్బదియేండ్లవారికి 170, ఎనుబదియేండ్లవారికి 180! ఈ లెక్క మన పల్లెలలో పుట్టినది కాదు. ఒకప్పుడు వైద్యులే దీనిని బోధించిరి. వారు విడిచిన పిమ్మటను జనులు విడువలేదు. ఇది యెట్లు పుట్టెనో, ఎట్లు పడిపోయెనో తెలిసికొన్నచో మన పెద్దల ప్రాణములను గాపాడుకొను మార్గమును తెలియగలదు.

రక్తపుపోటును మొదట కొలిచినవాడు వైద్యుడు కాడు. ఇంగ్లండునందలి టెడింగ్టను గ్రామమున మతాచార్యుడైన స్టీఫెన్ హేల్సు ఒక ఆడుగుఱ్ఱపు ధమనిలో గొట్టమును దూర్చి, దానికి పొడవైన గాజుగొట్టము నతికి, రక్తము 8 అడుగుల 3 అంగుళముల యెత్తున కెగయుట చూచెను. ఈ సంగతిని 1733లో ప్రకటించెను. మనుష్యుల నిట్లు పరీక్షింప వీలులేదు గదా! 1896లో ఇటలీ వైద్యుడు రీవా-రొచ్చి దండచేతికి గాలిపట్టీ చుట్టి, నాడి ఆగుచోటును పాదరసమట్టముచే గుర్తించి, పై యంకెను కనుగొనెను. 1905లో రష్యా సైనిక వైద్యుడు కొరోత్కోవ్ ఆ పట్టీ దిగువ ధమనిపై స్టెతస్కోపు నుంచి, చప్పుడు మొదలగుచోటు పై యంకె యనియు, మాయమగుచోటు క్రింది యంకె యనియు చూపెను. గుండె ముడుచుకొనునప్పటి పోటు మొదటిది, విచ్చుకొనునప్పటిది రెండవది.

ఈ కొలతయొక్క విలువను ముందుగా గ్రహించినవారు జీవితభీమా సంఘములవారు. పోటు హెచ్చుగా నున్నవారు త్వరగా మరణించుచున్నారని ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలోనే అమెరికా సంఘముల లెక్కలు చెప్పెను. సొమ్ము నొడ్డినవారి కిది తెలిసినను, వైద్యులలో ననేకులకు నమ్మకము కలుగలేదు. నగరములలో వయస్సుతోపాటు పోటు పెరుగుట వారు నిత్యము చూచుచుండిరి. పలువురియందు కనబడుదానిని ప్రకృతిధర్మ మనుకొనిరి. ముసలితనమున ధమనులు గట్టిపడును గనుక, మెదడునకును మూత్రపిండములకును రక్తము నందించుటకు గుండె బలముగా నెట్టవలసియున్నదనియు, ఆ పోటును తగ్గించినచో అవయవములు చెడుననియు తర్కించిరి. 1931లో లివర్‌పూలు వైద్యాచార్యుడు జాన్ హే, పోటు హెచ్చినవానికి పెద్ద అపాయము ఆ సంగతి బయటపడుటయే యనియు, బయటపడినచో నెవడో యొక మూర్ఖుడు తగ్గింప జూచుననియు పరిహసించెను. అమెరికా హృద్రోగనిపుణుడు పాల్ డడ్లీ వైటును ఇట్టి యభిప్రాయమునే వెలిబుచ్చెను. వీరు అల్పజ్ఞులు కారు. కాని నాడు వారి చేతిలో నమ్మదగిన మందు లేదు. మందు లేనప్పుడు జబ్బును జబ్బు కాదనుకొనుట మనుష్యస్వభావము.

ఈ యభిప్రాయమునకు చెల్లించిన మూల్యమునకు నిదర్శనము అమెరికా రాష్ట్రపతి రూజ్‌వెల్టు. 1941లో నాతని పోటు 188/105. సొంత వైద్యుడైన మెకింటైరు దీనిని గూర్చి కలవరపడలేదు. 1944 మార్చిలో హోవర్డు బ్రూయెన్ అను యువవైద్యుడు పరీక్షించునప్పటికి పోటు 186/108. గుండె పెరిగి, అలసియుండెను. విశ్రాంతి, ఉప్పు తగ్గించుట, డిజిటాలిసు: ఇవియే చికిత్స. మఱుసటి యేడు ఏప్రిలు 12వ తేదీన మెదడులో రక్తనాళము చిట్లి, 63 ఏండ్ల వయస్సున నాతడు మరణించెను. ఆనాటి పోటు 300/190. యుద్ధాంతమున ప్రపంచమునకు క్రొత్త రూపము దిద్దుచున్న మనుష్యుని కిచ్చుటకు నాటి వైద్యమున నింతకంటె నేమియు లేకపోయెను.

మన దేశమునను స్థితి యట్లే యుండెను. 1935 డిసెంబరులో, 66వ యేట, మహాత్మాగాంధి రక్తపుపోటుచే నస్వస్థుడై కొన్ని వారములు పనులు మానుకొనవలసివచ్చెను. అయినను మందునకు దారి మొదట తెఱచినది మన నేలయందలి మొక్కయే. సర్పగంధ వేరు రక్తపుపోటును దించునని 1931లో సేన్, బోస్ అను వంగదేశ వైద్యులు ప్రకటించిరి. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన యనుభవమును బ్రిటిషు హృద్రోగ పత్రికలో వెల్లడించుటతో పాశ్చాత్యులు మేల్కొనిరి. 1952లో స్విట్జర్లాండున ఆ వేరునుండి రిసర్పిన్ వేఱుచేయబడెను. ఈ మందు కొందఱిని మనఃక్రుంగుబాటున ముంచుటచే వెనుకబడినది. కాని పోటును తగ్గింపవచ్చునని లోకమునకు నేర్పినది. 1957-58లో మూత్రమును హెచ్చించు క్లోరోథయజైడ్ వచ్చెను. ఆ జాతి మందును, రిసర్పిన్‌ను, మఱొక మందును కలిపి ఎడ్వర్డు ఫ్రైస్ అమెరికా మాజీసైనికులపై పరీక్షించి, పోటు తగ్గినవారికి పక్షవాతమును హృదయవైకల్యమును తగ్గునని 1967లోను 1970లోను నిరూపించెను.

అప్పటికిని వృద్ధుల విషయమున సందేహము తీరలేదు. ముసలితనమున తఱుచుగా పై యంకె పెరుగును, క్రింది యంకె పెరుగదు. ఇట్టివారికి చికిత్స యెందుకని వాదము. 1991లో దీనికి సమాధానము వచ్చెను. అమెరికాలో 60 ఏండ్లు నిండినవారు 4,736 మందిని, పై యంకె 160 మొదలు 219 వఱకు నుండి, క్రింది యంకె 90కి లోబడినవారిని ఎన్నుకొని, సగముమందికి మందును, సగముమందికి ఉత్తమాత్రను ఇచ్చి చూడగా, మందు తిన్నవారిలో పక్షవాతము నూటికి 36 పాళ్లు తగ్గెను. ఎనుబది దాటినవారి సంగతి 2008లో తేలెను: 3,845 మందిని పరీక్షింపగా, మందు తిన్నవారిలో మరణములే నూటికి 21 పాళ్లు తగ్గెను. మఱి వయస్సుతో పోటు పెరుగుట ప్రకృతియేనా? 1988లో ప్రకటింపబడిన బహుదేశ పరిశోధనలో, ఉప్పు దాదాపుగా నెఱుగని బ్రెజిలు అడవులలోని యానోమామి జనులకు వయస్సుతో పోటు పెరుగుట లేదని తేలెను. మనము ధర్మ మనుకొన్నది చాలవఱకు అలవాటే!

ఈ చరిత్ర చెప్పు పాఠము రెండంచుల కత్తి. ఉపేక్ష యెంత తప్పో తొందరయు నంత తప్పు. ఒకమారు కనబడిన యంకెకే భయపడరాదు. అయిదు నిమిషములు ఊరక కూర్చుండి, వీపునకు చేతికి ఆధార మిచ్చి, వేర్వేఱు దినములలో కొలిపింపవలెను. లేచి నిలుచున్నప్పుడును కొలువవలెను. నిలుచున్నంతనే పోటు పడిపోవు వృద్ధులు మూర్ఛిల్లి తుంటి విఱుగగొట్టుకొందురు. పోటు హఠాత్తుగా పెరిగినచో కారణము వెదకవలెను. మోకాళ్లనొప్పికి నిత్యము మ్రింగు మాత్రలే పోటును పెంచవచ్చును. మూత్రపిండములకు పోవు ధమని యిఱుకగుటయు కారణము కావచ్చును. మందు కొద్దిగా మొదలిడి మెల్లగా పెంచుట వైద్యుల పద్ధతి. ఉప్పు దినమునకు 5 గ్రాములు మించరాదని ప్రపంచారోగ్యసంస్థ హితవు. ఆవకాయ, అప్పడము, వడియము, మజ్జిగమిరప కూడిన మన విస్తరియం దీ హద్దు సులభముగా దాటును.

వీనికంటె కష్టమైనది, బాధ లేని జబ్బునకు బ్రదికినన్నాళ్లు మందు తినుట. పోటు తగ్గినదని మాత్ర మానివేయువారు, తగ్గించినది ఆ మాత్రయే యని మఱతురు. ఇక మన యిండ్లలోని వృద్ధస్త్రీల సంగతి. తాతగారికి తలనొప్పి వచ్చిన వైద్యుని పిలుతురు. అవ్వకు కళ్లు తిరిగినచో "పొద్దుటినుండి తినలేదు" అందురు. ఆమె చేతికి పట్టీ చుట్టినవారే యుండరు. 2017లో మొదలైన రక్తపుపోటు నివారణోద్యమము తెలంగాణమును తొలి రాష్ట్రములలో నొకటిగా గైకొని, ప్రభుత్వ వైద్యశాలలలో కొలతను, మాత్రలను పేదల కందుబాటులోనికి తెచ్చినది. కొలిచెడి యంత్రము ఇంటికి చేరువైనను, పెద్దలను దానిచెంతకు గొనిపోవలసినవారము మనమే. వయస్సునకు 100 కలుపు లెక్కను మాని, ఈ నెలలోనే మన యింటి పెద్దల పోటును, ముందుగా అవ్వ పోటును, కొలిపింతము.