పేరు పెట్టి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. పేరు పెట్టి చూడు అని ఎందుకనలేదో మరి! బారసాల నాటికి ఇంట్లో ఎన్ని యుద్ధాలు జరుగుతాయో మీకు తెలియనిది కాదు. ఇప్పుడా యుద్ధం వెబ్‌సైట్లకీ వచ్చింది. పచ్చళ్లు అమ్మాలన్నా, చీరలు అమ్మాలన్నా ఇంటర్నెట్‌లో ఓ చిరునామా కావాలి. దాన్నే డొమైన్ నేమ్ అంటారు.

దాని కథ ఓ ఆడమనిషి ఆఫీసులో మొదలైందంటే నమ్ముతారా? ఇంటర్నెట్‌కి తల్లిలాంటి ఆర్పానెట్‌లో ఒక్కో కంప్యూటర్‌కీ ఒక్కో అంకె ఉండేది. యంత్రానికి అంకె చాలు, మనిషికి పేరు కావాలి. ఏ పేరు ఏ అంకెదో రాసిపెట్టే ఆఫీసుకి 1972 నుంచి 1989 దాకా ఎలిజబెత్ ఫైన్లర్ పెద్ద. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఉండేది ఆ ఆఫీసు. కొత్త కంప్యూటర్ చేరాలంటే అక్కడికి కబురు పెట్టాల్సిందే. ఆ పేరు ఇంకొకరికి లేదని చూసుకుని జాబితాలో ఎక్కించేవారు.

అన్నట్టు, ఆవిణ్ణి అందరూ 'జేక్' అనే పిలిచేవారు. చిన్నప్పుడు చెల్లెలి పేరుకి నోరు తిరక్క అక్క ఏదో అంటే, అదే నిలిచిపోయింది. నోరు తిరిగే పేరే నిలుస్తుందన్నమాట!

జాబితా చేంతాడంత అయ్యేసరికి 1983లో పాల్ మోకాపెట్రిస్ అనే ఆయన ఓ ఉపాయం కనిపెట్టాడు. మన ఇంటిపేర్ల లాంటిదే. ఊళ్లో పదిమంది సీతలున్నా ఇంటిపేరుతో వేరుపడరూ? అలాగే వ్యాపారాలకి డాట్ కామ్, కాలేజీలకి డాట్ ఎడ్యు, ప్రభుత్వానికి డాట్ గవ్. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, వాళ్లు చివర. ఆ ఇంటిపేర్లు ఖాయం చెయ్యడంలో జేక్ బృందం చెయ్యీ ఉంది. 1985 మార్చి 15న సింబాలిక్స్ అనే కంపెనీ మొట్టమొదటి డాట్ కామ్ పేరు తీసుకుంది.

1994లో జెఫ్ బెజోస్ తన కంపెనీకి 'కడాబ్రా' అని పెట్టుకున్నాడు. ఫోనులో విన్న లాయరుకి అది 'కడావర్' అని వినిపించిందట. అంటే శవం! దెబ్బకి పేరు మారి అమెజాన్ అయింది.

అంచేత మంచి పేరుకి పరీక్ష ఒక్కటే. ఫోనులో ఒక్కసారి చెబితే అవతలివాళ్లు తప్పులేకుండా రాసుకోవాలి. మన తెలుగు మాటలతో ఇక్కడే చిక్కు. లక్ష్మికి ఎక్స్ పెట్టాలా, కె ఎస్ హెచ్ పెట్టాలా? తోటలో టీ పక్కన హెచ్ ఉందా? వంటిల్లులో ఎల్ ఒకటా, రెండా? మధ్యలో గీతలూ అంకెలూ దూర్చారో, ఇక చెప్పేదేముంది! తెలుగు లిపిలోనే రాసుకునే డాట్ భారత్ కూడా ఉంది. కానీ ఇంగ్లీషు కీబోర్డు తప్ప మరోటి ఎరగని అమెరికా మనవరాలి మాటేమిటి?

ఇంకో సంగతి. పేరు కొనుక్కోవడం ఉండదు, అద్దెకి తీసుకోవడమే. 1995 దాకా ఊరికే ఇచ్చేవారు. ఆ ఏడు రెండేళ్లకి 100 డాలర్లన్నారు. 1999 క్రిస్మస్‌కి మైక్రోసాఫ్ట్ అంతటిది ఓ పేరుకి 35 డాలర్లు కట్టడం మరిచిపోతే, హాట్‌మెయిల్ చాలామందికి తెరుచుకోలేదు. ఎవరో ప్రోగ్రామరు తన జేబులోంచి కట్టాడు.

అందరికీ అలాంటి పుణ్యాత్ముడు దొరకడు. మా వీధిలో ఒకావిడ పొడులు కొట్టి అమ్ముతుంది. సైటు చేసిపెట్టిన కుర్రాడు పేరుని తన పేరు మీదే రాయించుకున్నాడు. వాడు ఊరు మారాడు, గడువు దాటింది, పేరు పోయింది. డబ్బాల మీద లేబుళ్లన్నీ పాతపేరువే! చేతి రుచి ఆవిడది, పేరు మాత్రం ఆవిడది కాకుండా పోయింది.

కాబట్టి పేరు ఎంత ముద్దుగా కుదిరినా, యజమాని గడిలో ఎవరి పేరుందో ఒకసారి చూసుకోండి. ఒకప్పుడు ఆ జాబితా మొత్తాన్నీ ఓ ఆడమనిషే చూసుకుంది. మన ఒక్క పేరు మనం చూసుకోలేమూ?